ఆ పేరు పక్కన ఇంకో పేరు

బీపీ చూడటం నర్సింగ్ విద్యార్థి వార్డులో చేసే మొదటి పనుల్లో ఒకటి. కాలేజీ ల్యాబ్‌లో ఆ పని ఒక పూటలో వచ్చేస్తుంది. తోటి విద్యార్థిని నవ్వుతూ చెయ్యి చాపుతుంది, గది నిశ్శబ్దంగా ఉంటుంది, పట్టీ చేతికి సరిగ్గా సరిపోతుంది. జనరల్ వార్డులో ఇవేవీ ఉండవు. మంచం మీద ఉన్నది అరవై దాటిన పెద్దాయన. చొక్కా చెయ్యి పైకి మడిస్తే బిగుసుకుపోతోంది, విప్పమని అడగాలంటే నోరు రాదు. పక్క మంచం దగ్గర దగ్గు, గుమ్మం దగ్గర ట్రాలీ చప్పుడు, నెత్తిన కిర్రుమంటున్న ఫ్యాను. వెనక ట్యూటర్, చుట్టూ తొమ్మిదిమంది క్లాస్‌మేట్లు. పట్టీలోంచి గాలి వదులుతుంటే స్టెతస్కోపులో వినపడాల్సిన చప్పుడు వినపడదు, తన గుండె దడే వినపడుతుంది. రెండోసారి గాలి ఎక్కిస్తే పెద్దాయన ‘నొప్పెడుతోందమ్మా’ అంటాడు. మూడోసారి ఎక్కించే ధైర్యం చాలదు. చార్టులో 120/80 అని రాసేస్తుంది.

ఆ అమ్మాయికి చదువు రాక కాదు. 1905లో నికొలాయ్ కొరొట్కోవ్ అనే రష్యా సర్జన్ ఈ చప్పుళ్ల సంగతి లోకానికి చెప్పాడని, మొదటి చప్పుడు పై అంకె అని, చప్పుడు మాయమైన చోటు కింది అంకె అని పరీక్షలో తప్పు లేకుండా రాయగలదు. మణికట్టు దగ్గర నాడి ఆగిన చోటు నుంచి ఇంకో 20, 30 పాయింట్లు ఎక్కించి, సెకనుకు రెండు మూడు పాయింట్ల చొప్పున దింపాలనీ తెలుసు. ‘మేడమ్, నాకు వినపడలేదు’ అన్న ఒక్క మాటే నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఆ మాట ఆగిపోవడం వల్ల ఒక రోగి కేస్ షీట్‌లోకి అబద్ధం చేరింది. ఆ పెద్దాయనకు నిజంగా ఉన్నది 180 అయితే, ఆ పూట ఆయన వైద్యం తప్పుదారి పట్టవచ్చు. తొలి పోస్టింగుకు వెళ్లే విద్యార్థుల ఆందోళనను వాళ్ల సొంత కష్టంగా, నాలుగు రోజుల్లో సర్దుకుపోయే చిన్న విషయంగా చూడకూడదనడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. ఆ భయం బిల్లు చివరికి రోగి దగ్గరికే వస్తుంది.

బీఎస్సీ నర్సింగ్, జీఎన్ఎం, ఎంబీబీఎస్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసీ... ఏ కోర్సయినా ఒక రోజు తరగతి గది దాటి ఆసుపత్రి గుమ్మం తొక్కాల్సిందే. ఆ ముందు రోజు రాత్రి హాస్టల్లో నిద్ర పట్టని పిల్లలకు మనం సాధారణంగా ఇచ్చేది ఒక ప్రసంగం. ధైర్యంగా ఉండాలంటాం, సేవాభావం ఉంటే భయం ఉండదంటాం. కాస్త శ్రద్ధ ఉన్న కాలేజీ అయితే యోగా తరగతి, కౌన్సెలింగ్ గంట పెడుతుంది. వీటిని తప్పు పట్టనక్కర్లేదు. అయితే ఇవన్నీ భయం విద్యార్థి మనసులో పుట్టిందన్న లెక్కతో చేసే పనులు. భయంలో ఎక్కువ పాలు ఆ పిల్లల మనసులో పుట్టడం లేదు. వాళ్లను వార్డులోకి పంపే తీరులో పుడుతోంది. అందుకే దాన్ని తగ్గించాల్సింది కూడా అక్కడే అని ఈ కథనం వాదన.

ఈ మాట కొత్తది కాదు. 1950ల చివర్లో లండన్‌లోని ఒక పెద్ద బోధనాసుపత్రి, నర్సింగ్ విద్యార్థులను వార్డులకు ఎలా పంచాలో తేల్చుకోలేక టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్‌ను సాయమడిగింది. అక్కడి నుంచి వచ్చిన ఇసబెల్ మెంజీస్ డ్యూటీ చార్టులతో సరిపెట్టుకోకుండా వార్డుల్లో కూర్చుని జరిగేది చూసింది. చావుకు, బాధకు, పచ్చి పుండుకు దగ్గరగా రోజంతా మసలే మనుషులకు ఆందోళన సహజం. ఆసుపత్రి ఆ ఆందోళనను ఎదుర్కోవడానికి ఎన్నుకున్న దారే ఆమెను ఆలోచింపజేసింది. ఒక నర్సుకు ఒక రోగిని పూర్తిగా అప్పగించరు. పనిని ముక్కలు చేసి, ముప్ఫైమందికీ ఒకరే ఉష్ణోగ్రత చూడటం, ముప్ఫైమందికీ ఇంకొకరే పక్కలు మార్చడం లాగా పంచుతారు. రోగిని పేరుతో కాకుండా మంచం నంబరుతోనో జబ్బుతోనో పిలుస్తారు. విద్యార్థిని ఒక వార్డులో కుదురుకునేలోపే ఇంకో వార్డుకు మారుస్తారు. ఇవన్నీ మనసు నొచ్చుకోకుండా కాపాడే కవచాలని సంస్థ అనుకుంది. మెంజీస్ తేల్చింది దానికి విరుద్ధం. ఆ కవచాలే భయాన్ని పెంచుతున్నాయంది. ఒక రోగి తన చేతుల్లో కోలుకోవడం చూసే తృప్తి విద్యార్థికి దక్కడం లేదు, ఎవరినీ అడిగే చనువు ఏర్పడటం లేదు. అక్కడ మూడో వంతు మంది విద్యార్థులు శిక్షణ పూర్తి చేయకుండానే వెళ్లిపోతున్నారు. వెళ్లేవాళ్లలో పరిణతి, తెలివి ఉన్నవాళ్లే చాలామంది కావడం ఆమెను ఇంకా కలవరపెట్టింది. అరవై ఏళ్లు దాటిన ఆ పరిశీలనను చదివితే మన జనరల్ వార్డు కళ్ల ముందు కదులుతుంది. ‘ఏడో బెడ్డు సెలైన్ అయిపోయింది, మార్చు’ అన్న మాట మనకు ఎంత అలవాటో ఆలోచించండి.

ఇంతకీ వాళ్లు దేనికి భయపడుతున్నారు? రక్తానికి, పుండ్లకు, శవాలకు అని బయటివాళ్లం అనుకుంటాం. 1990లో అమెరికాలో క్లీహామర్ బృందం ఈ ప్రశ్న నర్సింగ్ విద్యార్థులనే అడిగింది. అన్నిటికంటే ఎక్కువ ఆందోళన రెండు విషయాల దగ్గర బయటపడింది. ఒకటి, వార్డులో మొట్టమొదటి అనుభవం. రెండోది, పొరపాటు చేస్తానేమోనన్న దిగులు. మొదటిది తెలియని చోటు వల్ల పుట్టే భయం. స్పిరిట్ సీసా ఎక్కడ ఉంటుంది? బీరువా తాళం ఎవరి దగ్గర? రౌండ్స్ ఎన్నింటికి మొదలవుతాయి, ఆ సమయంలో విద్యార్థులు ఎటువైపు నిలబడాలి? కాళ్లు లాగితే కూర్చోవచ్చా? తాము వాడుకోవాల్సిన బాత్రూమ్ ఏది? హెడ్ నర్సును మేడమ్ అనాలా, సిస్టర్ అనాలా? ఇవి ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండవు. ఇవి తెలియనంతసేపూ విద్యార్థి ముళ్ల మీద నిలబడ్డట్టే ఉంటుంది. పిలిస్తే ఉలిక్కిపడుతుంది. ఈ భయానికి మందు ఒక పూట పని. పోస్టింగుకు ముందు రోజు, రోగుల బాధ్యత ఏమీ పెట్టకుండా, ఆ వార్డు తెలిసినవాళ్లు ఒకరు వెంట తిప్పి చూపిస్తే చాలు. మందుల ట్రాలీ, డ్రెస్సింగ్ గది, క్రాష్ కార్ట్, చేతులు కడుక్కునే చోటు, చెత్త వేసే రంగు రంగుల డబ్బాలు, కూర్చోదగ్గ బల్ల... పాతిక ముప్ఫై నిమిషాల్లో అయిపోయే నడక అది. నర్సింగ్ కాలేజీల్లో దీపాలు పట్టుకుని ప్రమాణం చేసే ల్యాంప్ లైటింగ్ వేడుకను ఎంతో శ్రద్ధగా చేస్తాం. తల్లిదండ్రులు వస్తారు, ఫొటోలు తీసుకుంటారు. అందులో పదో వంతు శ్రద్ధ ఈ నడక మీద పెడితే మర్నాటి పొద్దున వేరుగా ఉంటుంది.

రక్తం చూసి కళ్లు తిరగడం గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మంచి ఉద్దేశంతో ఇచ్చే సలహా ఎలా బెడిసికొడుతుందో అక్కడ స్పష్టంగా కనపడుతుంది. మామూలు భయంలో గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. రక్తం, సూది, గాయం చూసి కలిగే భయం వేరు. అందులో రక్తపోటు ముందు పెరిగి, ఆ వెంటనే ఒక్కసారిగా పడిపోతుంది. మెదడుకు రక్తం చాలక మనిషి కూలబడతాడు. అలాంటి విద్యార్థికి మనమిచ్చే సలహా ఏమిటి? ‘గట్టిగా ఊపిరి పీల్చుకుని ఒళ్లు వదులు చేసుకో’ అంటాం. ఒళ్లు వదులు చేస్తే రక్తపోటు ఇంకా దిగుతుంది. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త లార్స్ గోరాన్ ఓస్ట్ 1980ల్లో దీనికి సరిగ్గా ఎదురు పద్ధతి నేర్పాడు. పిడికిళ్లు, భుజాలు, తొడలు పది పదిహేను సెకన్ల పాటు, ముఖంలో వెచ్చదనం తెలిసేదాకా బిగపట్టాలి. తర్వాత ఇరవై ముప్ఫై సెకన్లు మామూలుగా వదలాలి. ఇలా అయిదుసార్లు. ఎవరికీ కనపడకుండా, నిలబడిన చోటే చేయొచ్చు. పొద్దున టిఫిన్ తినకుండా రావద్దని, మోకాళ్లు బిగించి గంటల తరబడి నిలబడొద్దని, కళ్లు బైర్లు కమ్మితే గోడ పక్కన కూర్చోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదని కూడా ముందే చెప్పాలి. మొదటి డ్రెస్సింగ్ చూసి కూలబడిన అమ్మాయిని ‘నువ్వు ఈ చదువుకి పనికిరావు’ అనేవాళ్లకు తెలియాల్సింది ఒకటుంది. అది గుణం కాదు, రక్తపోటు. బిగపట్టడం నేర్పితే దాన్ని దాటొచ్చు.

సూది గుచ్చుకుంటుందేమోనన్న భయం కూడా ఇలాంటిదే. అందులో నిజముంది, కాబట్టి ‘ఏం కాదులే’ అంటే తగ్గదు. లెక్కలు చెబితే తగ్గుతుంది. విద్యార్థులు ఎక్కువగా వణికేది హెచ్ఐవీ పేరు చెబితే. హెచ్ఐవీ ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం వెయ్యింటికి మూడు. హెపటైటిస్ బి టీకా వేసుకోనివాళ్లకు, ఆ జబ్బున్న రోగి సూది గుచ్చుకున్నప్పుడు సోకే అవకాశం 30 శాతం దాకా ఉండొచ్చు. అంటే ఎక్కువ భయపడాల్సిన చోట తక్కువ భయపడుతున్నారు. పైగా రెండోదానికి టీకా ఉంది. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. దీన్ని బట్టి విద్యార్థులు కోర్సులో చేరిన వారంలోనే టీకా మొదలుపెట్టించాలి, పోస్టింగు ముందు రోజు గుర్తు చేసుకోవడం కాదు. సూదికి మూత మళ్లీ పెట్టొద్దు, వాడిన వెంటనే తెల్లటి గట్టి డబ్బాలో వేసేయాలి. గుచ్చుకుంటే పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, సబ్బు నీళ్లతో కడిగి వెంటనే చెప్పాలి. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లో మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు, 28 రోజులు వాడాలి. అయితే రాత్రి పదింటికి గుచ్చుకుంటే ఎవరికి చెప్పాలి? ఆ మందు ఏ గదిలో ఉంది? ఈ రెండు జవాబులు, ఒక ఫోన్ నంబరు చిన్న కార్డు మీద రాసి యూనిఫాం జేబులో పెట్టకపోతే మిగతా జ్ఞానమంతా వృథా. తిడతారేమోనని గుచ్చుకున్న సంగతే దాచిపెట్టే విద్యార్థికి ఆ 72 గంటలు ఇట్టే గడిచిపోతాయి.

అక్కడే రెండో భయం, పొరపాటు భయం ఎదురవుతుంది. దీన్ని తగ్గించాలంటే మొదటిసారి చేసే పని రోగి మీద కాకూడదు. 1911లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సింగ్ స్కూలు, బొమ్మలు తయారు చేసే మార్తా చేజ్ చేత మనిషంత బొమ్మ చేయించుకుంది. పక్క మార్చడం, ఎత్తి కూర్చోబెట్టడం దాని మీద నేర్పేవారు. దానికి మిసెస్ చేజ్ అన్న పేరు స్థిరపడిపోయింది. అప్పటి ఆలోచనే ఇప్పుడు సిమ్యులేషన్ ల్యాబ్ అయింది. అమెరికా నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి పది నర్సింగ్ కోర్సుల విద్యార్థుల మీద చేయించిన అధ్యయనం 2014లో అచ్చయింది. క్లినికల్ గంటల్లో సగం దాకా మంచి సిమ్యులేషన్‌తో నింపినా లైసెన్స్ పరీక్షలో గానీ, ఉద్యోగంలో చేరిన మొదటి ఆరు నెలల పనిలో గానీ తేడా కనపడలేదు. మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో సవరించిన బీఎస్సీ సిలబస్‌లోనూ సిమ్యులేషన్‌కు చోటిచ్చారు. ఎంబీబీఎస్‌లో 2019 నుంచి మొదట్లోనే ఫౌండేషన్ కోర్సు, మొదటి ఏడాదిలోనే రోగిని దగ్గరగా చూపించే పాఠాలు వచ్చాయి. కాగితం మీద దారి సరిగ్గానే ఉంది. బొమ్మ కొనడంతో పని అయిపోయిందనుకోవడం దగ్గరే తప్పుతోంది. ఆ అమెరికా అధ్యయనంలో ఫలితం ఇచ్చింది బొమ్మ ఒక్కటే కాదు. శిక్షణ పొందిన అధ్యాపకులు, పని అయ్యాక కూర్చోబెట్టి ఏం జరిగిందో మాట్లాడించే పద్ధతి దాని వెనకున్నాయి. కవరు తీయని బొమ్మ ఎవరికీ ఏమీ నేర్పదు.

లక్షలు పోసే స్తోమత లేని కాలేజీ కూడా చేయదగ్గ పనులున్నాయి. రెండు జతల చెవి గొట్టాలుండే టీచింగ్ స్టెతస్కోపు అలాంటిది. ఒక జత విద్యార్థి చెవుల్లో, ఒక జత ట్యూటర్ చెవుల్లో, వినేది ఒకే చప్పుడు. ‘ఇదిగో, ఇప్పుడు మొదలైంది, విన్నావా?’ అంటే ‘ఆఁ, ఇప్పుడు వినపడింది మేడమ్’ అంటుంది. మొదట చెప్పిన 120/80 అబద్ధం పుట్టడానికి అక్కడ సందే లేదు. విద్యార్థి విన్నదీ విననిదీ ట్యూటర్‌కు ఆ క్షణంలోనే తెలుస్తుంది, దాచాల్సిన పని లేదు. ఇంకొకటి, నేర్చుకునే రోజుల్ని మార్కులు వేసే రోజుల నుంచి విడదీయడం. మొదటి రెండు వారాలు ఏం చేసినా మార్కులు లేవని ముందే చెబితే, తెలియనిది తెలియదని చెప్పే అలవాటు ఆ రెండు వారాల్లోనే కుదురుతుంది. రోజు చివర పదిహేను నిమిషాలు పదిమందినీ కూర్చోబెట్టి ‘ఇవాళ ఎక్కడ చెయ్యి ఆడలేదు?’ అని అడిగితే, తనొక్కర్తికే చేతకాలేదనుకున్న అమ్మాయికి మిగతా తొమ్మిదిమందిదీ అదే కథని తెలుస్తుంది. మొదటిసారి కళ్ల ముందు రోగి చనిపోయిన రోజున ఆ పదిహేను నిమిషాలు తప్పనిసరి. ఆ పిల్లను అలాగే బస్సెక్కించి హాస్టల్‌కు పంపేయడం మాత్రం తప్పు.

దీనికి గట్టి అభ్యంతరాలున్నాయి. భయం ఉంటేనే జాగ్రత్త ఉంటుంది, నిర్భయంగా మందు ఎక్కించే నర్సు కంటే వణుకుతూ రెండుసార్లు లేబుల్ చదివే నర్సే నయం అంటారు. ఈ మాటలో సగం నిజముంది. 1908లో యర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకలకు చిన్న చిన్న షాకులిచ్చి దారులు గుర్తుపట్టడం నేర్పించారు. తేలిక పని అయితే షాకు పెరిగినకొద్దీ త్వరగా నేర్చాయి. కష్టమైన పని అయితే గట్టి షాకు నేర్చుకోవడాన్ని వెనక్కి లాగింది. ఎలుకల్లో కనపడిందంతా మనుషులకు అంటగట్టలేం గానీ, దిగులు తలకెక్కినప్పుడు నోటికొచ్చిన లెక్క కూడా మర్చిపోవడం పరీక్ష రాసిన ప్రతివాళ్లకూ తెలిసిందే. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అనే అయిదింటినీ సరిచూసుకోవడం తేలిక పని కాదు. మందు ప్రమాదకరమని తెలిసి రెండుసార్లు చదవడం జాగ్రత్త. హెడ్ నర్సు ఏమంటుందోనని చదవడం మానేసి చెప్పింది చెప్పినట్టు ఎక్కించేయడం భయం. రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల ఎన్నో వార్డుల్లో రెండోదాన్నే పెంచి పోషిస్తున్నాం. 1990ల్లో హార్వర్డ్‌లో పరిశోధన చేస్తున్న ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రి బృందాల్లో మందుల పొరపాట్లు లెక్కించింది. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువుంటాయనుకుంది. నమోదైన పొరపాట్లు అక్కడే ఎక్కువ కనపడ్డాయి. ఆరా తీస్తే ఆ బృందాల్లో తప్పు జరిగితే నోరు తెరిచి చెప్పుకోగలుగుతున్నారని, మిగతా చోట్ల దాచేస్తున్నారని తేలింది. దాచిన పొరపాటును ఎవరూ దిద్దలేరు.

‘మేమూ తిట్లు తినే నేర్చుకున్నాం, మాకేమైంది?’ అనేది రెండో మాట. అనేది ఎవరో గమనించాలి. తట్టుకుని నిలబడినవాళ్లు. తట్టుకోలేక మానేసినవాళ్లు ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఆ గదిలో ఉండరు. మెంజీస్ చూసిన ఆసుపత్రిలో వెళ్లిపోయిన మూడో వంతు మందిని గుర్తు చేసుకోండి. తిట్లు తిని కూడా మంచి నర్సులైన పెద్దవాళ్లు ఆ తిట్ల వల్ల అయ్యారో, తిట్ల మధ్య ఎవరో ఒక సీనియర్ చెయ్యి పట్టుకుని చూపించడం వల్ల అయ్యారో నిజాయతీగా తలుచుకుంటే చాలామందికి రెండోదే గుర్తొస్తుందని నా నమ్మకం.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. మనుషులెక్కడున్నారు? ప్రభుత్వాసుపత్రిలో రాత్రి డ్యూటీ స్టాఫ్ నర్సుకు వార్డు నిండా రోగులు, నేల మీద పరుపులు, క్యాజువాలిటీ నుంచి వచ్చిపడే కేసులు. ఆమెను పట్టుకుని విద్యార్థికి పాఠం చెప్పమంటే చెప్పగలదా? నర్సింగ్ కౌన్సిల్ పదిమంది విద్యార్థులకు ఒక అధ్యాపకురాలు ఉండాలంటుంది. ఆ ఒక్కరు పదిమందినీ రెండు మూడు వార్డుల్లో చూసుకోవాల్సి వస్తే నిబంధన ఉన్నా లేనట్టే. ఈ కొరత మాటలతో తీరేది కాదు. ఖాళీ పోస్టులు నింపకుండా విద్యార్థుల ఆందోళన పూర్తిగా తగ్గించగలమని ఎవరైనా అంటే నమ్మొద్దు. కొరత పేరు చెప్పి విద్యార్థుల్ని శాంపిళ్లు ల్యాబ్‌కు మోసే, రిపోర్టులు తెచ్చే చేతులుగా వాడుకోవడం ఆ కొరతను ఇంకా పెంచుతుంది. అలా ఆరు నెలలు తిరిగిన విద్యార్థికి ఆసుపత్రి మెట్లు తెలుస్తాయి, రోగి తెలియడు. ఆ తర్వాత ఉద్యోగంలో చేరాక ఆమెకు మళ్లీ మొదటి నుంచి నేర్పాల్సిన భారం అదే స్టాఫ్ నర్సు మీద పడుతుంది. ఉన్న మనుషులతోనే చేయగల పని మాత్రం ఒకటుంది. మూడో, నాలుగో ఏడాది విద్యార్థులు అదే వార్డుల్లో ఉంటారు. ఒక్కో కొత్త విద్యార్థికి ఒక్కో సీనియర్‌ను జత చేయడం వాళ్లకూ మేలే, నేర్పేటప్పుడు తమకు ఎక్కడ తెలియదో తెలుస్తుంది. 2004లో అమెరికాలో స్ప్రెంగెల్, జాబ్ అనే ఇద్దరు అధ్యాపకులు ఇలా జత చేసి చూసి, కొత్తవాళ్ల ఆందోళన తగ్గిందని రాశారు. ఇందులో ఒక ప్రమాదం ఉంది, దాచకూడదు. సీనియర్ చేతిలో అధికారం పెడితే ర్యాగింగ్‌కు తలుపు తెరిచినట్టవుతుంది. అందుకే జత ఎవరెవరో ట్యూటర్ రాయాలి, వారానికోసారి ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడాలి.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. జీఎన్ఎంలో, బీఎస్సీలో చేరేవాళ్లలో పల్లెల నుంచి తెలుగు మాధ్యమంలో చదువుకుని వచ్చిన పిల్లలు ఎందరో. పాఠం ఇంగ్లిషులో, రౌండ్స్ ఇంగ్లిషులో, కేస్ షీట్ ఇంగ్లిషులో, రోగి మాత్రం తెలుగులో. ‘పేషెంట్ ఈజ్ కంప్లెయినింగ్ ఆఫ్ బ్రెత్‌లెస్‌నెస్’ అని రాయడం నేర్పుతాం. ‘ఆయాసంగా ఉందా? పడుకుంటే ఎక్కువవుతోందా, కూర్చుంటే నయంగా ఉందా?’ అని అడగడం నేర్పం. పల్లె నుంచి వచ్చిన ముసలమ్మ ‘ఎగపోత’ అంటే అది ఆయాసమని, కడుపు ‘ఉబ్బరం’ అన్నా ‘బిర్రు’ అన్నా ఏమిటో తెలుసుకోవడం మందుల పేర్లంత అవసరమైన చదువు. ఈ విషయంలో తెలుగు మాధ్యమం పిల్లలు వెనకబడినవాళ్లు కారు, నాలుగడుగులు ముందున్నవాళ్లు. రోగితో మాట్లాడటం వాళ్లకు వచ్చు. ఆ బలం నుంచి మొదలుపెట్టి, మొదటి మూడు రోజులూ సూదులూ గొట్టాలూ ముట్టుకోకుండా ఒక రోగి పక్కన కూర్చుని అతని కథంతా తెలుగులో విని, తర్వాత ఇంగ్లిషులోకి రాయమంటే, భయంతో మొదలవ్వాల్సిన పోస్టింగు చేతనైన పనితో మొదలవుతుంది. మంచం నంబరుకు బదులు మనిషి పేరు కూడా అక్కడే అలవాటవుతుంది.

ఆందోళన అనే పేరు పెట్టి పక్కన పెట్టకూడని భయాలు కూడా ఉన్నాయి. 2024 ఆగస్టులో కోల్‌కతాలోని ఆర్‌జీ కర్ వైద్య కళాశాలలో డ్యూటీలో ఉన్న పీజీ వైద్య విద్యార్థినిపై జరిగిన అత్యాచారం, హత్య తర్వాత దేశమంతా వైద్యులు రోడ్డెక్కారు, సుప్రీంకోర్టు జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. రాత్రి డ్యూటీకి వెళ్తూ హాస్టల్ నుంచి వార్డు దాకా ఉన్న చీకటి దారి చూసి ఒక విద్యార్థిని జంకితే, దానికి కౌన్సెలింగ్ ఇవ్వడం అవమానించడమే. దారిలో దీపం, లోపలి నుంచి గడియ పడే విశ్రాంతి గది, పనిచేసే బాత్రూమ్, పిలిస్తే పలికే సెక్యూరిటీ, రోగి బంధువులు మీద పడితే వెనకేసుకొచ్చే డ్యూటీ డాక్టర్ ఉంటే ఆ భయం దానంతటదే తగ్గుతుంది. లేకపోతే ఎన్ని ధ్యాన తరగతులు పెట్టినా తగ్గదు, తగ్గకూడదు కూడా.

ఇంత ఏర్పాటు చేశాక కూడా కొందరికి ఆందోళన మిగులుతుంది. నిద్ర లేక, తిండి సహించక, పోస్టింగు పేరు చెబితే ఏడుపొచ్చే స్థితి వారాల తరబడి ఉంటే అది ఏర్పాటుతో తీరేది కాదు, వైద్యం కావాలి. అలాంటివాళ్లకు మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లడం రికార్డులో మచ్చగా పడదని కాలేజీ చెప్పాలి, చెప్పిన మాట మీద నిలబడాలి. వాళ్లను గుర్తుపట్టడానికైనా ముందు ఏర్పాటు బాగుండాలి. పదిమందీ వణుకుతున్న చోట నిజంగా జబ్బుపడింది ఎవరో తెలియదు.

కాలేజీ ప్రిన్సిపాళ్లకు, నర్సింగ్ సూపరింటెండెంట్లకు ఒక విన్నపం. కొత్త బ్యాచ్ పోస్టింగుల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టేటప్పుడు ఇప్పుడున్న మూడు గడులకు, పేరు, వార్డు, తేదీలకు తోడు నాలుగో గడి కలపండి. ఆ విద్యార్థి మొదటి రోజు ఎవరి దగ్గరికి వెళ్లి నిలబడాలో ఆ మనిషి పేరు అందులో రాయండి. స్టాఫ్ నర్సు అయినా సరే, నాలుగో ఏడాది విద్యార్థి అయినా సరే, ఒక పేరు ఉండాలి. పాఠకులైన మీకూ ఒక మాట. మీరో, మీ వాళ్లో ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు బీపీ పట్టీ పట్టుకుని ఒక చిన్న అమ్మాయి వస్తే, తను విద్యార్థినని ఆమె ముందే చెప్పాలి, వద్దనే హక్కు మీకుంది. వద్దనకపోతే మాత్రం, చప్పుడు వినపడలేదని ఆమె మొహం చూస్తే తెలిసినప్పుడు, ‘మళ్లీ చూడమ్మా, పర్లేదు’ అని చెయ్యి అలాగే ఉంచండి.